భుజం నొప్పిలో చేతి పట్టు, రోజువారీ పనులు: ఏ కొలతను ఎంచుకోవాలి, ఏ చికిత్స వైపు మొగ్గాలి

భుజం నొప్పి గురించి చెప్పడం మొదలుపెట్టిన మనిషి కొద్దిసేపటికే చేతి గురించి చెప్పడం మొదలుపెడతాడు. బిగుతుగా ఉన్న సీసా మూత తిరగడం లేదని, నిండు బకెట్ పట్టుకుంటే వేళ్లు వాటంతటవే వదిలేస్తున్నాయని, తడి తువ్వాలు పిండితే నీళ్లు సగమే దిగుతున్నాయని అంటాడు. నొప్పేమో పైన, బలహీనతేమో కింద. ఈ రెండింటికీ సంబంధం ఉందా, లేక చేతికి వేరే జబ్బేదైనా మొదలైందా అన్న అనుమానం అతన్ని ఒక్కోసారి నొప్పి కన్నా ఎక్కువగా పీడిస్తుంది. ఆ అనుమానం తీరాలన్నా, వైద్యం మొదలయ్యాక మెరుగవుతున్నామో లేదో తెలియాలన్నా ఏదో ఒక కొలత కావాలి. పిడికిలి పట్టును కిలోల్లో చూపే పరికరం ఉంది, వైద్యులు ఇచ్చే ప్రశ్నావళులు ఉన్నాయి, కష్టమవుతున్న పనులను మనమే రాసుకుని అంకెలు వేసే, ఏ పరికరమూ అక్కర్లేని సొంత పనుల జాబితా ఉంది. ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతుంది కనుక, ముందు మన ప్రశ్న ఏమిటో తేల్చుకుని ఆ తర్వాతే కొలతను ఎంచుకోవాలి.

నా సలహా ముందే చెబుతాను. ఒక్కటే ఎంచుకోవలసి వస్తే సొంత పనుల జాబితాను ఎంచుకోండి. రెండోదానికి వీలుంటే పట్టు కొలిచే పరికరాన్ని చేర్చండి, అయితే దానిని ఒకే భంగిమలో కాకుండా రెండు భంగిమల్లో వాడండి. వైద్యం నెలల తరబడి సాగేలా ఉన్నా, శస్త్రచికిత్స మాట వచ్చినా ప్రశ్నావళి తప్పనిసరి అవుతుంది. ఈ క్రమాన్ని ఎందుకు సూచిస్తున్నానో అర్థం కావాలంటే భుజానికీ పిడికిలికీ ఉన్న బంధాన్ని ముందు తెలుసుకోవాలి.

భుజం నొప్పికి పిడికిలి ఎందుకు సడలుతుంది

వేళ్లను ముడిచే ప్రధాన కండరాలు ముంజేతిలో ఉంటాయి. వాటిలో ఏదీ భుజం కీలును దాటి పైకి వెళ్లదు. ఆ లెక్కన భుజం ఎంత నొప్పిగా ఉన్నా పట్టు తగ్గకూడదు. కానీ చెయ్యి దేన్నైనా గట్టిగా పట్టుకున్నప్పుడు, జబ్బ ఎముక గుండ్రని తలను దాని గుంటలో నిలిపి ఉంచే రొటేటర్ కఫ్ కండరాలు, ముఖ్యంగా సుప్రాస్పినేటస్, ఇన్‌ఫ్రాస్పినేటస్ అనే రెండూ, మనం ప్రయత్నించకుండానే బిగుసుకుంటాయి. చెయ్యి ఎత్తి ఉన్నప్పుడు వాటి మీద ఈ భారం ఇంకా పెరుగుతుంది. కాలి కింద నేల కదులుతుంటే బరువెత్తలేనట్టే, భుజం నిలకడగా లేనప్పుడు పిడికిలి తన పూర్తి బలాన్ని వాడుకోలేదు. దానికి తోడు, ఏ కదలిక నొప్పి పుట్టిస్తుందో గుర్తుపెట్టుకున్న మెదడు ఆ దారిలో వెళ్లే ఆదేశాలను ముందే తగ్గిస్తుంది. ఇది బద్ధకమూ కాదు, మనసు బలహీనతా కాదు. నొప్పికి శరీరం సహజంగా చూపే స్పందన. వారాల తరబడి ఆ చేతిని దాచుకుంటూ గడిపితే ముంజేతి కండరాలు కూడా నిజంగానే బలం కోల్పోతాయి. అప్పుడు భుజం నయమైనా పట్టు వెంటనే తిరిగి రాదు.

అయితే కొన్నిసార్లు భుజం నొప్పికీ పట్టు తగ్గడానికీ మూలం మూడోచోట ఉంటుంది. మెడలో నరం ఒత్తుకుంటే నొప్పి భుజం దాకా, చేతి దాకా పాకుతుంది. ఆ ఒత్తిడి మెడ అడుగు భాగపు ఎనిమిదో నరం మీద పడితే చిటికెన వేలి వైపు తిమ్మిరి, పట్టు సడలడం రెండూ కనిపిస్తాయి. మణికట్టు దగ్గర నరం నలిగినప్పుడు బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు రాత్రిపూట తిమ్మిరెక్కుతాయి. ఆ నొప్పి కూడా భుజం దాకా ఎగబాకవచ్చు. కాబట్టి తిమ్మిరి ఉన్నవారు ఏ కొలతను ఎంచుకోవాలో ఆలోచించే ముందు మెడనూ మణికట్టునూ పరీక్ష చేయించుకోవాలి. ఈ ఒక్క విషయంలో క్రమం మార్చకండి.

పట్టు కొలిచే పరికరం: ఏది, ఎలా

ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించేది జామర్ పేరుతో ప్రసిద్ధమైన హైడ్రాలిక్ డైనమోమీటర్. దాని పిడిని అయిదు స్థానాల్లో అమర్చవచ్చు. పెద్దవారికి సాధారణంగా రెండో స్థానాన్ని వాడతారు. నొక్కినప్పుడు పిడి కదిలినట్టే అనిపించదు కాబట్టి, మొదటిసారి పట్టుకున్నవారు అది పాడైపోయిందనుకుని ఊరుకుంటారు. ముల్లు గరిష్ఠ అంకె దగ్గర ఆగి ఉంటుందని, పూర్తి బలంతో నొక్కాలని ముందే చెప్పాలి. స్ప్రింగుతోనో ఎలక్ట్రానిక్ సెన్సరుతోనో పనిచేసే చిన్న పరికరాలు ఇంట్లో వాడుకోవడానికి సరిపోతాయి. అయితే ఒక పరికరంలో వచ్చిన అంకెను ఇంకో పరికరపు అంకెతో పోల్చకూడదు. వేళ్ల కీళ్లు కూడా నొప్పిగా ఉన్నవారికి గట్టి లోహపు పిడి కన్నా రబ్బరు బుడ్డ నయం. కానీ అది బలాన్ని కాక గాలి ఒత్తిడిని చూపుతుంది, అరచేయి సైజును బట్టి ఆ అంకె మారిపోతుంది. ఏదీ దొరకనిచోట రక్తపోటు కొలిచే ముల్లు మీటరు పట్టీని చుట్టచుట్టి, 20 దాకా గాలి నింపి, నొక్కినప్పుడు ముల్లు ఎంతదాకా వెళ్లిందో చూసే పాత పద్ధతి ఉంది. బలహీనమైన చేతికి అది బాగా పనికివస్తుంది. బలమైన చేయి అయితే ముల్లు 300 దగ్గరికి చేరి ఆగిపోతుంది, ఆపైన తేడా తెలియదు.

ఏ పరికరాన్ని ఎంచుకున్నా కూర్చునే తీరు ఒకటే ఉండాలి. అమెరికన్ చేతి చికిత్సకుల సంఘం సూచించిన భంగిమే ఎక్కువ చోట్ల అమల్లో ఉంది: కుర్చీలో నిటారుగా కూర్చుని, జబ్బను పక్కకు ఆనించి, మోచేతిని 90 డిగ్రీలు వంచి, బొటనవేలు పైకి ఉండేలా ముంజేతిని నిలిపి, మణికట్టును కొద్దిగా వెనక్కి వంచి నొక్కాలి. ప్రతి చేతితో మూడుసార్లు, మధ్యలో కాస్త విరామమిస్తూ నొక్కి, మూడింటి సగటు రాసుకోవాలి. ఊపిరి బిగపట్టకూడదు. రక్తపోటు అదుపులో లేనివారు గరిష్ఠ బలంతో నొక్కే ముందు వైద్యుని అడగాలి.

పరికరం నొక్కేటప్పుడు మొదటి కొన్ని క్షణాలు ముల్లును చూడకండి, మనిషిని చూడండి. నొప్పి ఉన్న వైపు భుజం మెల్లగా చెవి వైపు లేస్తుంది. మెడ పక్కన నరాలు ఉబ్బుతాయి. పక్కకు ఆని ఉండాల్సిన మోచేయి రెండు మూడు అంగుళాలు బయటికి జరుగుతుంది. మొహం చిట్లుతుంది, ముల్లు 19 దగ్గర ఆగుతుంది. అదే మనిషి రెండో చేత్తో నొక్కితే భుజం కదలదు, ముల్లు 29 దాటుతుంది. ఇక్కడ 10 కిలోల తేడా ఎంత ముఖ్యమో, భుజం చెవి వైపు లేవడమూ అంతే ముఖ్యం. పిడికిలి బలం మాత్రమే కొరవడిన చేయి సాధారణంగా భుజాన్ని ఇలా పైకి లాగదు. నొప్పినుంచి తప్పించుకోవాలని చూసే చేయే లాగుతుంది.

అందుకే రెండో భంగిమను చేర్చమంటాను. మామూలు భంగిమలో కొలిచిన తర్వాత, చేతిని ముందుకు చాచి భుజం ఎత్తుకు లేపి, మోచేతిని నిటారుగా ఉంచి మళ్లీ కొలవండి. ఆరోగ్యంగా ఉన్న చేతిలో కూడా కొద్దిపాటి తేడా రావచ్చు. నొప్పి ఉన్న చేతిలో ఆ తేడా స్పష్టంగా ఎక్కువగా ఉంటే, పట్టును తగ్గిస్తున్నది ఎక్కువగా భుజమేనని అనుకోవడానికి ఆధారం దొరికినట్టే. రెండు భంగిమల్లోనూ పట్టు ఒకేలా తక్కువగా ఉంటే ముంజేయి, మణికట్టు, మెడ వీటి వైపు కూడా చూడాలి. దీనికి ఇంత అని నిర్ణయించిన హద్దు అంకె లేదు. మీ రెండో చేయే మీకు కొలబద్ద.

ఆ పోలికలోనూ ఒక జాగ్రత్త అవసరం. కుడిచేతి వాటం ఉన్నవారిలో కుడి పట్టు ఎడమ కన్నా సుమారు 10 శాతం ఎక్కువ ఉండటం మామూలే. ఎడమచేతి వాటం వారిలో రెండూ దాదాపు సమానంగా ఉంటాయి. కుడి భుజం నొప్పి ఉన్న కుడిచేతి వాటం మనిషికి రెండు చేతుల అంకెలూ సమానంగా వచ్చాయంటే, అంతా బాగుందని కాదు, కుడిచేయి కొంత బలం కోల్పోయి ఉండవచ్చని అర్థం. వారం వారం కనిపించే ఒకటి రెండు కిలోల ఎగుడుదిగుడులకు సంతోషించనూ వద్దు, దిగులుపడనూ వద్దు. 5 నుంచి 6.5 కిలోల మార్పు వస్తేనే అది మనిషి జీవితంలో తెలిసే మార్పు అని పరిశోధనలను సమీక్షించినవారు లెక్కకట్టారు.

ఇంకో పొరపాటు తరచుగా జరుగుతుంది. వయసు వల్ల కండరం క్షీణించడాన్ని గుర్తించడానికి పట్టు బలానికి హద్దులున్నాయి. 2019లో వెలువడిన యూరప్ నిపుణుల మార్గదర్శకాల ప్రకారం పురుషులకు 27 కిలోలు, స్త్రీలకు 16. అదే ఏడాది ఆసియా నిపుణుల బృందం చెప్పిన ప్రకారం పురుషులకు 28, స్త్రీలకు 18. నొప్పి ఉన్న చేతిని మాత్రమే కొలిచి, ఆ అంకె ఈ హద్దుల కిందికి వచ్చిందని ఒక మనిషికి ఒంట్లో కండరమంతా కరిగిపోయిందని చెప్పడం అన్యాయం. ఆ నిర్ణయానికి ఆరోగ్యంగా ఉన్న చేతి అంకెనే తీసుకోవాలి.

ప్రశ్నావళులు అడిగేవీ అడగనివీ

ప్రశ్నావళుల్లో డాష్ అనేది చేయి, భుజం, అరచేయి మొత్తాన్ని ఒకే అవయవంగా చూస్తుంది. అందులో 30 ప్రశ్నలుంటాయి. దాని కుదించిన రూపం క్విక్‌డాష్‌లో 11 ఉంటాయి. ఆ పదకొండింటిలో మొదటిదే బిగుతు మూత తెరవడం గురించి. సంచి మోయడం, వీపు కడుక్కోవడం, కత్తితో కోయడం, నిద్ర, తిమ్మిరి కూడా అందులోకి వస్తాయి. పట్టూ భుజమూ కలగలిసిన ఇబ్బందికి ఇది బాగా సరిపోతుంది. అయితే చాలామంది గమనించని ఒక నియమం ఇందులో ఉంది: పని ఏ చేత్తో చేశారన్నది లెక్క కాదు, చేయగలిగారా లేదా అన్నదే లెక్క. కుడి భుజం నొప్పితో ఉన్న మనిషి అన్ని పనులూ ఎడమచేతికి మార్చుకుంటే, కుడిచేయి ఏమాత్రం మెరుగుపడకపోయినా అతని స్కోరు మెరుగుపడుతుంది. జీవితం ఎలా సాగుతోందో తెలుసుకోవాలంటే ఆ జవాబు సరైనదే. ఆ భుజం ఎలా ఉందో తెలుసుకోవాలంటే మాత్రం అది దారి తప్పిస్తుంది.

భుజం మీదే దృష్టి పెట్టాలనుకుంటే స్పాడి అనే ప్రశ్నావళి మేలు. నొప్పి మీద అయిదు, పనుల మీద ఎనిమిది, మొత్తం 13 ప్రశ్నలు. తల రుద్దుకోవడం, తల మీదుగా బట్ట వేసుకోవడం, ఎత్తయిన అరలో వస్తువు పెట్టడం, సుమారు నాలుగున్నర కిలోల బరువు మోయడం, వెనక జేబులోంచి వస్తువు తీయడం వంటివి అడుగుతుంది. ఇది పిడికిలిని దాదాపు పట్టించుకోదు. 1987లో రూపొందిన కాన్‌స్టంట్ స్కోరు వైద్యుడు చేతితో పరీక్షించి ఇచ్చేది. నొప్పికి 15, పనులకు 20, కదలికకు 40, బలానికి 25 మార్కులు. ఇక్కడ బలం అంటే పిడికిలి పట్టు కాదు, చేతిని పక్కకు ఎత్తి నిలిపే భుజం బలం. చేతిని 90 డిగ్రీల దాకా ఎత్తలేనివారికి ఆ 25లో సున్నా పడుతుంది. అలాంటప్పుడు తక్కువ స్కోరు చూసి చేయి మొత్తం పనికిరాకుండా పోయిందని బెంగపడకండి.

స్కోర్ల దిశ గురించి ఒక మాట. డాష్, స్పాడి రెండింటిలోనూ 100 అంటే ఇబ్బంది అత్యధికం. కాన్‌స్టంట్‌లో 100 అంటే భుజం సంపూర్ణంగా బాగుందని. 12 ప్రశ్నల ఆక్స్‌ఫర్డ్ భుజం స్కోరులో ఇప్పుడు వాడుకలో ఉన్న లెక్క ప్రకారం 48 అంటే చాలా బాగుందని. పాత లెక్కలో 60 అంటే చాలా బాగాలేదని. ఒకచోట ఇచ్చిన కాగితాన్ని ఇంకోచోట చూపించేటప్పుడు ఏ స్కోరో, దాని దిశ ఏమిటో కాగితం మీదే రాయించుకోండి.

సొంత పనుల జాబితా

నేను అన్నిటికన్నా ముందు పెట్టినది దీనినే. పద్ధతి చాలా సులువు. నొప్పి వల్ల చేయలేకపోతున్న, లేదా కష్టంగా చేస్తున్న మూడు నుంచి అయిదు పనులను మీరే ఎంచుకోవాలి. ప్రతి పనికీ సున్నా నుంచి 10 దాకా అంకె వేయాలి. అసలు చేయలేకపోతే సున్నా, నొప్పి రాకముందులా చేయగలిగితే 10. మూడు పనుల సగటు 2 అంకెలు మారితే, లేదా ఒక్క పనికి 3 అంకెలు మారితే, అది కొలతలో దొర్లిన తేడా కాదని, నిజమైన మార్పేనని నమ్మవచ్చు.

దీని బలం ఏమిటంటే, మీ జీవితంలో లేని పనిని ఇది అడగదు. కంప్యూటర్ ముందు కూర్చునేవారికి మౌస్ పట్టుకోవడం ముఖ్యం, పైకప్పుకు రంగులు వేసేవారికి చేతులు పైకెత్తి గంటల తరబడి ఉండటం ముఖ్యం, పసిబిడ్డ తల్లికి బిడ్డను మంచం మీంచి ఎత్తుకోవడం ముఖ్యం. ఏ పరికరమూ ఈ మూడింటినీ వేరు చేసి చూపలేదు. దీని బలహీనత కూడా అక్కడే ఉంది: మీ అంకెను ఇంకొకరి అంకెతో పోల్చలేం, మంచి రోజున ఎక్కువా చెడు రోజున తక్కువా వేసే ప్రమాదం ఉంది. అందుకే పనిని వీలైనంత కచ్చితంగా రాయాలి. ‘బరువు మోయలేను’ అని రాస్తే అంకె ప్రతిసారీ మారుతుంది. ‘నిండు బకెట్‌ను కుడిచేత్తో కుళాయి నుంచి గది దాకా ఆగకుండా మోయడం’ అని రాస్తే ఏ వారం వేసిన అంకె ఆ వారపు నిజాన్ని చెబుతుంది. ఏ చేత్తో అన్నది రాయడం మరచిపోకండి. డాష్ వదిలేసిన లోటును ఇది పూడుస్తుంది.

పనులను ఎంచుకునేటప్పుడు వాటన్నింటినీ ఒకే రకంగా ఉండనివ్వకండి. ఒకటి ఒంటికి దగ్గరగా పట్టు బిగించే పని కావాలి, ఒకటి చేయి చాచి పట్టుకునే పని, ఒకటి తల మీదికి చేయి వెళ్లే పని, ఒకటి వీపు వెనకకు చేయి వెళ్లే పని. ఇలా నాలుగు దిక్కులా ఎంచుకుంటే జాబితా చదవగానే భుజంలో ఎక్కడ అడ్డుపడుతోందో కొంత అర్థమవుతుంది.

మూత తెరవడం అనే ఒక్క పనినే దగ్గరగా చూడండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మనిషి సీసాను ఒంటికి కాస్త దూరంగా పట్టుకుని, ఒక్క విదిలింపుతో మూత తిప్పేస్తాడు. భుజం నొప్పి ఉన్నప్పుడు అదే మనిషి తనకు తెలియకుండానే సీసాను పొట్టకు ఆనిస్తాడు, మోచేతిని పక్కటెముకలకు అదుముకుంటాడు, మణికట్టుతో కాకుండా నడుముతో తిప్పుతాడు. మూత వస్తుంది. అడిగితే ‘తెరవగలుగుతున్నాను’ అంటాడు. అబద్ధం కాదు, కానీ మోచేయి అదుముకోవడం దేనికని అడిగితే అప్పుడు అసలు సంగతి బయటపడుతుంది: ఒంటికి దూరంగా పట్టుకుంటే భుజం ముందు భాగంలో సూది గుచ్చినట్టవుతోంది. పనుల జాబితాలో అంకె వేసేటప్పుడు పని అయిందా అన్నదానితో పాటు ఎలా అయిందన్నది కూడా పక్కన ఒక్క మాటలో రాసుకోవాలని చెప్పేది ఇందుకే.

కొలత చెప్పినదాన్ని బట్టి దారి

కొలిచాక చేయాల్సిన ఎంపిక ఇంకా పెద్దది. చాలామంది మొదట చేసేది ఒక మెత్తటి బంతి కొనుక్కుని రోజంతా నొక్కుతూ కూర్చోవడం. చేతిని పట్టీలో వేలాడదీసుకున్న రోజుల్లో, శస్త్రచికిత్స తర్వాతి వారాల్లో అది మంచి పనే. వేళ్లు బిగుసుకోకుండా, చేయి వాపెక్కకుండా కాపాడుతుంది. కానీ దగ్గరి భంగిమలో పట్టు బాగుండి, చేయి చాచినప్పుడు మాత్రమే పడిపోతున్నవారికి బంతి నొక్కడం వల్ల ఒరిగేది తక్కువ. వారికి కావలసింది భుజాన్ని నిలబెట్టే కండరాల వ్యాయామం. మోచేతిని పక్కకు ఆనించి, ముంజేతి వెనక భాగంతో గోడను బయటివైపుకు నెట్టడం లాంటి కదలిక లేని వ్యాయామంతో మొదలుపెట్టి, తర్వాత సాగే పట్టీతో, ఆ తర్వాత బరువులతో మెల్లగా పెంచుతూ వెళ్లాలి. చేస్తున్నప్పుడు ఓర్చుకోగలిగినంత నొప్పి ఉన్నా ఫరవాలేదు. మరునాటికి మామూలు స్థితికి రాకపోతే ఆ రోజు మోతాదు ఎక్కువైందని అర్థం. కనీసం 12 వారాలు చేయకుండా ఫలితం లేదని తేల్చేయకండి.

రెండు భంగిమల్లోనూ పట్టు తగ్గి, తిమ్మిరేమీ లేకుండా, నొప్పి నెలల నాటిదై ఉంటే భుజాన్నీ పట్టునూ కలిపి బలపరచాలి. చిన్న బరువును చేత్తో పట్టుకుని, చేయి పక్కన వేలాడదీసి కొంత దూరం నడవడం ఇందుకు చక్కటి వ్యాయామం. భుజం ఎత్తనక్కర్లేదు, కానీ పట్టు బిగిసినంతసేపూ రొటేటర్ కఫ్ పనిచేస్తూనే ఉంటుంది. ఎన్ని నిమిషాలైనా బంతి నొక్కడం కన్నా నేను దీనినే సిఫారసు చేస్తాను.

రొటేటర్ కఫ్ నొప్పికి ఎంత వ్యాయామం, ఎవరి పర్యవేక్షణలో అన్నదానికి మంచి ఆధారం ఉంది. బ్రిటన్‌లో 708 మందితో జరిగి 2021లో ప్రచురితమైన గ్రాస్ప్ అధ్యయనంలో, ఫిజియోథెరపిస్టు దగ్గర ఆరు విడతల దాకా వ్యాయామం చేసినవారికీ, ఒక్కసారి వివరంగా సలహా తీసుకుని ఇంట్లో చేసుకున్నవారికీ ఏడాది చివర చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చిన ఉపశమనం తొలి వారాలకే పరిమితమైంది. పదేపదే క్లినిక్‌కు వెళ్లే వీలులేనివారికి ఇది ధైర్యమిచ్చే మాట. అయితే ఆ ఒక్క కలయికలో సరైన పరీక్ష, రాతపూర్వకమైన వివరమైన సలహా రెండూ ఉండాలి. ఎక్కడో చూసి నేర్చుకున్న వ్యాయామం దానికి సమానం కాదు. రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉండి వ్యాయామం మొదలుపెట్టడమే కుదరనివారికి ఇంజెక్షన్ ఒక అవకాశాన్ని తెరుస్తుంది. ఆ కొన్ని వారాల్లో వ్యాయామం మొదలుపెట్టకపోతే ఆ అవకాశం వృథా. మధుమేహం ఉన్నవారికి ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది, ముందే చెప్పి జాగ్రత్త తీసుకోవాలి.

భుజం బిగుసుకుపోవడం వేరే సంగతి. మోచేయి పక్కకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పండి. మీరు తిప్పలేనప్పుడు ఇంకొకరు మెల్లగా తిప్పినా కదలకుండా మొరాయిస్తే అది కండరాల బలహీనత కాదు, సాధారణంగా కీలు పొర బిగుసుకోవడం. 40 నుంచి 60 ఏళ్ల మధ్య, మధుమేహం ఉన్నవారిలో ఇది ఎక్కువ. నొప్పి తీవ్రంగా ఉన్న తొలి దశలో ఇంజెక్షన్‌తో పాటు సున్నితమైన కదలికలు చేయించడం సరైన ఎంపిక. ఆ దశలో బలం పెంచే వ్యాయామాలు నొప్పిని రెచ్చగొడతాయి. 503 మందితో జరిగి 2020లో వెలువడిన యూకే ఫ్రాస్ట్ అధ్యయనం మత్తు ఇచ్చి భుజాన్ని కదపడం, ఆర్త్రోస్కోపీ (చిన్న రంధ్రం గుండా కెమెరా పంపి చేసే శస్త్రచికిత్స) ద్వారా పొరను విడిపించడం, ఇంజెక్షన్‌తో కూడిన ఫిజియోథెరపీ ఈ మూడింటినీ పోల్చి, మిగతావాటి కన్నా స్పష్టంగా మెరుగైనదంటూ ఏదీ లేదని తేల్చింది. కనుక తక్కువ ప్రమాదమున్న దారితో మొదలుపెట్టడం న్యాయం. ఎముక అంచును చెక్కి భుజంలో చోటు పెంచే ఆర్త్రోస్కోపీ విషయంలో ఆధారం ఇంకా బలంగా ఉంది. 2018 నాటి సీ-సా (CSAW) అధ్యయనంలో అది లోపల కేవలం చూసి వదిలేసిన ఉత్తుత్తి శస్త్రచికిత్స కన్నా మేలు చేయలేదు. పట్టు తగ్గిందన్న కారణం మీద ఆ శస్త్రచికిత్సకు ఒప్పుకోకండి.

కానీ ఆగకూడని సందర్భాలున్నాయి. పడిన తర్వాత ఒక్కసారిగా చేయి ఎత్తలేకపోతే స్నాయువు తెగి ఉండవచ్చు, వారాల పాటు వ్యాయామంతో చూద్దామనుకోవడం తప్పు. భుజం నొప్పితో పాటు చిటికెన వేలి వైపు బలహీనత, అదే వైపు కనురెప్ప వాలడం ఉంటే ఊపిరితిత్తి పైభాగాన్ని తప్పక పరీక్షించాలి. రెండు చేతులూ మొద్దుబారి నడక తూలుతుంటే మెడలో వెన్నుపాము ఒత్తుకుంటోందేమో చూడాలి. జ్వరంతో కీలు ఎర్రబడి ఉబ్బితే అదే రోజు వైద్యుని దగ్గరికి వెళ్లాలి. ఎడమ భుజం నొప్పితో ఛాతీ బరువెక్కడం, చెమటలు, ఆయాసం ఉంటే వెంటనే అత్యవసర వైద్యం అందాలి.

ఇక కొలతలను ఎంత తరచుగా తీసుకోవాలంటే, పనుల జాబితాకు వారానికి ఒకసారి, ఒకే రోజున, ఒకే వేళకు అంకెలు వేయండి. పట్టును నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి కొలిస్తే చాలు. ప్రశ్నావళిని మొదట్లో ఒకసారి, మూడో నెలలో ఒకసారి నింపండి. ఈ మూడూ ఎప్పుడూ ఒకే మాట చెప్పవు. పనులు సులువవుతూ పట్టు అంకె కదలకపోతే దారి మార్చనక్కర్లేదు, ఆ చేతిని ఇంకా ఎక్కువగా పనిలో పెట్టండి. పట్టు పెరిగినా పనులు సులువు కాకపోతే భుజం కదలికను, ముఖ్యంగా చేయి ఎత్తడాన్నీ వీపు వెనకకు తీసుకెళ్లడాన్నీ మళ్లీ పరీక్ష చేయించండి, బలం ఉన్నా అది వెళ్లాల్సిన చోటికి చేరడం లేదు. రెండూ ఆరు వారాల్లో దిగజారితే తదుపరి తేదీ కోసం ఆగకుండా, తేదీలతో సహా ఆ కాగితాన్ని తీసుకుని వైద్యుని కలవండి.